ఆకు నీళ్ల స్నానం ఇంట్లో ఎలా? ఏ ఆకు, ఎంత వేడి, ఎవరికి వద్దు

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో ఫ్లాట్, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. మెడ, నడుము పట్టేస్తున్నాయి, రాత్రి నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో ఆకులు వేసి కాచిన నీళ్లు పోస్తే ఒళ్లు తేలికపడి హాయిగా నిద్రపోయేవారు. అది గుర్తొచ్చి ఆన్‌లైన్‌లో పద్దెనిమిది మూలికల స్నానపు పొడి తెప్పించుకుంటే, రెండోసారికే చేతుల మీద దురద, ఎర్రటి మచ్చలు వచ్చాయి. ఇంట్లోనే చేసుకోవచ్చా, షుగరున్న అమ్మకీ ఐదు నెలల పాపకీ కూడా పొయ్యవచ్చా, అసలు ఆనాటి నిద్ర మళ్లీ వస్తుందా అని అడిగారు.

ఇంట్లో చేసుకోవచ్చమ్మా. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. నేను ముప్ఫై రెండేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను, ఎక్కువ కాలం ప్రసూతి వార్డులోనే. అంతకు ముందు, తణుకు దగ్గర మా ఊళ్లో, మా అమ్మ వెనకాల తిరుగుతూ ఈ పని నేర్చుకున్నాను. ఊళ్లో ఎవరింట్లో పురుడొచ్చినా బాలింతకు నీళ్లు పొయ్యడానికి మా అమ్మనే పిలిచేవారు. అందుకని మీ ప్రశ్నకు నా దగ్గర అమ్మ చెప్పిన జవాబు ఒకటి, వార్డు నేర్పిన జవాబు ఒకటి ఉన్నాయి. చాలా చోట్ల రెండూ కలుస్తాయి. కలవని చోట నేను వార్డు మాటే వింటాను.

ముందు ఆ ప్యాకెట్ సంగతి. ఇక దాన్ని వాడకండి. పద్దెనిమిది మూలికలు కలిపిన పొడిలో మీ ఒంటికి పడనిది ఏదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. వెనక చిన్న అక్షరాల్లో బావంచాలు అని గానీ, బాకుచి అని గానీ రాసి ఉందేమో ఒకసారి చూడండి. రెండూ ఒకే గింజ పేర్లు. సున్నిపిండిలో కూడా చాలామంది వేస్తారు. ఆ గింజలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత నల్ల మచ్చలు పడతాయి. బొల్లి మచ్చలకు రంగు తెప్పించడానికి ఈ గింజను వాడేది కూడా ఈ గుణం వల్లే. ఆ పని వైద్యుడు దగ్గరుండి చూసుకోవాల్సింది, మన బాత్రూమ్‌లో చేసుకునేది కాదు. నిమ్మరసం, నిమ్మతొక్కలు నీళ్లలో వేసుకుని వెంటనే ఎండలోకి వెళ్లినా ఇలాంటి మచ్చలే పడే అవకాశం ఉంది కాబట్టి వాటి జోలికీ పోకండి. మీ దురద పూర్తిగా తగ్గి ఒక వారం గడిచాక కొత్త ఆకు మొదలుపెట్టండి. మచ్చలు తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించుకోండి, ఆ ప్యాకెట్ కూడా చేతిలో పట్టుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయం. ఆకు నీళ్ల స్నానం హాయినివ్వడంలో ఎక్కువ వంతు నీళ్ల వేడిది. వేడి తగిలిన చోట రక్తనాళాలు వెడల్పవుతాయి, బిగుసుకున్న కండరం వదులవుతుంది. చేతులు, పాదాలు వెచ్చబడి, ఒంట్లోని వేడి వాటి గుండా నెమ్మదిగా బయటికి పోతుంది. లోపలి వేడి అలా కాస్త తగ్గడమే శరీరానికి నిద్రవేళ అయిందని తెలిపే గుర్తు. అందుకే పడుకునే ముందు క్షణంలో కాకుండా గంట, గంటన్నర ముందు స్నానం చేస్తే నిద్ర బాగా పడుతుంది. ఆకు ఆ పైన పని చేస్తుంది. వాసన, చర్మానికి తగిలే చల్లదనమో ఘాటో, ఆ ఆకుతో ముడిపడిన జ్ఞాపకం, ఇవన్నీ దాని వంతు. వావిలాకు రసానికి వాపు తగ్గించే గుణం ఉందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అయితే బకెట్ నీళ్లలో కలిపిన కషాయం పది నిమిషాల్లో చర్మం దాటి నడుము కండరం దాకా వెళ్లి ఆ పని చేస్తుందని నేను చెప్పను. ఒంట్లో విషాలు చెమటతో బయటికి వచ్చేస్తాయనే మాట కూడా నమ్మకండి. చెమటలో ఉండేది ప్రధానంగా నీరు, ఉప్పు. వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి తెలిస్తే పద్దెనిమిది మూలికలు వెయ్యాలనే ఆరాటం తగ్గుతుంది. ఒక్క ఆకు చాలు. ఆ ఆకు మీకు బాగా తెలిసినదై ఉండాలి, నీళ్ల వేడి సరిగా ఉండాలి.

మీ అమ్మమ్మగారు వేసింది చాలావరకు వావిలాకే అయి ఉంటుంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కాలవ గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. సంస్కృతంలో నిర్గుండి, సింధువారం అంటారు. వినాయక చవితి పత్రిలో సింధువార పత్రం అని చదివేది దీన్నే. ఒక కాడకు విసనకర్రలా విచ్చుకున్న ఐదు ఆకులుంటాయి, కొన్ని కాడలకు మూడే. పైన ఆకుపచ్చ, అడుగున బూడిద పూసినట్టు తెలుపు. చిన్న చిన్న ఊదారంగు పూల గుత్తులు పూస్తుంది. నలిపితే ముక్కుకు ఘాటుగా తగిలే వాసన, ఒకసారి చూస్తే మరిచిపోరు. మా అమ్మ ఎండ ఎక్కకముందే గట్టు మీదికి వెళ్లేది. కోసే ముందు ఒక ఆకు తెంపి, అరచేతిలో నలిపి, వాసన చూసేది. యాభై ఏళ్లుగా చూస్తున్న చెట్టే, అయినా ప్రతిసారీ చూసేది. ఆ అలవాటు మీరూ చేసుకోండి.

హైదరాబాద్‌లో దొరకదని అనుకోకండి. చవితి ముందు రోజు పత్రి అమ్మే చోట దొరుకుతుంది, కానీ అప్పుడు ఆకు ఆకుగా గుర్తుపట్టి విడిగా తీసుకోవాలి. నర్సరీలో అడిగితే మొక్క తెప్పించి ఇస్తారు. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే పెన్సిలంత లావు కొమ్మలు నాలుగు తెమ్మనండి. తడి మట్టిలో గుచ్చితే బతికే మొక్క ఇది. ఎండ తగిలే బాల్కనీలో పెద్ద కుండీలో పెంచుకోండి, కత్తిరించిన కొద్దీ గుబురుగా వస్తుంది. పొలం గట్టు మీద కోస్తుంటే ఈ మధ్య మందు కొట్టారేమో కనుక్కోండి. రోడ్డు పక్కది, మురుగు కాలవ పక్కది వద్దు.

కాచే పద్ధతి చెబుతాను. రెండు గుప్పిళ్ల పచ్చి ఆకు, అంటే సుమారు 100 గ్రాములు, రెండు మూడు నీళ్లతో కడగండి. స్టీలు గిన్నెలో 4 లీటర్ల నీళ్లు పోసి, ఆకు వేసి, మూత పెట్టి పొయ్యి మీద పెట్టండి. మూత తప్పనిసరి, వాసన నిచ్చే నూనె ఆవిరితో పాటు పోకుండా ఉండేది దాని వల్లే. మరుగు పట్టాక మంట తగ్గించి 10 నిమిషాలు ఉంచి, కట్టేసి, మూత తియ్యకుండా ఇంకో 20 నిమిషాలు వదిలేయండి. నీళ్లు లేత ఆకుపచ్చ నుంచి టీ రంగుకు మారతాయి. పల్చటి నూలు గుడ్డలో వంటగదిలోనే వడకట్టండి. మసిలే గిన్నె పట్టుకుని వంటగది నుంచి బాత్రూమ్ దాకా నడవద్దు. ఇంట్లో పాకే వయసుకు వస్తున్న పాప ఉంది, మరిచిపోకండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత గీజర్ నీళ్లు, ఆఖర్న ఈ కషాయం, ఇదే వరస. బకెట్‌లో ఆకులు వేసి హీటర్ రాడ్ పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. రాడ్ ఆన్‌లో ఉండగా వేడి చూడబోయి కరెంటు షాక్ తగిలినవాళ్లను వార్డులో చూశాను. మీది గ్యాస్ గీజరైతే బాత్రూమ్ కిటికీ తెరిచే ఉంచండి. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదిలితే వాసన కూడా తెలియదు, మనిషి అలాగే పడిపోతారు.

మొదటిసారి పోసుకునే ముందు చల్లారిన కషాయం ఒక చెంచా మోచేతి మడత లోపలి వైపు రాసుకుని ఒక రోజు ఆగండి. ఎర్రబడకపోతే, దురద లేకపోతే అప్పుడు స్నానం. మీకు ఇప్పటికే ఒకసారి పడకపోవడం అయింది కాబట్టి దీన్ని దాటెయ్యవద్దు.

ఇక వేడి. 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే చాలు. మోచెయ్యి ముంచితే వెచ్చగా, హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. నీళ్లు 60 డిగ్రీలుంటే పెద్దవాళ్ల చర్మమైనా ఐదారు సెకన్లలో కాలుతుంది. చాలా ఇళ్లలో గీజర్ ఆ వేడిమీదే పెట్టి ఉంటుంది. పొగలు కక్కే నీళ్లైతేనే నొప్పులు పోతాయనుకోవడం మన వైపు బాగా ఉంది. అవి చర్మాన్ని పొడిబారుస్తాయి, దురద పెంచుతాయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. తల మీద అసలే వద్దు. మెడ కింది భాగానికి వేణ్ణీళ్లు బలాన్నిస్తాయి, తల మీద పోస్తే జుట్టుకూ కళ్లకూ చేటు అని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. మా అమ్మకు ఆ పుస్తకం తెలియదు, తలంటు రోజున తలకు మాత్రం గోరువెచ్చని నీళ్లు వేరే చెంబులో పెట్టుకునేది.

ఆవిడ నీళ్లు పోసే తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. బాలింతను పీట మీద కూర్చోబెట్టి, తను వెనక నిలబడేది. చెంబు వీపుకు జానెడు ఎత్తులో పట్టుకుని, మెడ కింద మొదలుపెట్టి వెన్నుపూస పొడవునా సన్నటి ధార. ధార వెనకే ఎడమ అరచెయ్యి నొక్కుతూ కిందికి జారేది. నడుము దగ్గర చెంబు ఆగేది, అక్కడ రెండు చెంబులు ఎక్కువ. మాట్లాడేది కాదు, ఎవరైనా తొందర పెడితే వినేది కాదు. కొబ్బరి డొక్కల పొయ్యి మీద కాగిన ఆ నీళ్లలో కాస్త పొగ వాసన కూడా కలిసేది. ఒంటరిగా పోసుకునేటప్పుడు మీరూ అలాగే చెయ్యవచ్చు. స్టూలు వేసుకుని కూర్చోండి, చెంబును భుజం వెనక నుంచి వంచి మెడ మీద నెమ్మదిగా పోసుకోండి, ఒక బకెట్‌ను పది నిమిషాలు రానివ్వండి. తర్వాత సబ్బు అక్కర్లేదు. ఒళ్లు మెత్తగా అద్దుకుని, ఫ్యాన్ కిందికి వెంటనే వెళ్లకుండా కాసేపు కూర్చోండి. వారానికి రెండుసార్లు సరిపోతుంది. ముందుగా అరగంట నువ్వుల నూనె గోరువెచ్చగా మెడకు, నడుముకు పట్టించుకుంటే ఇంకా మంచిది. నూనె పడిన టైల్స్ మీద కాలు జారుతుంది కాబట్టి కింద రబ్బరు మ్యాట్ వేసుకోండి.

మిగతా రోజుల్లో ఇంత తతంగం కుదరకపోతే పాదాల వరకు చేసుకోండి. మీకు బాల్కనీ ఉంటే నిమ్మగడ్డి పెంచండి, నెలల్లోనే కుండీ నిండుతుంది. ఐదారు ఆకులు కత్తిరించి, ముడివేసి, లీటరు నీళ్లలో 5 నిమిషాలు మరగనిచ్చి, టబ్బులో చన్నీళ్లు కలిపి పిక్కల సగం దాకా 15 నిమిషాలు పాదాలు ఉంచండి. ఫోన్ పక్క గదిలో పెట్టి రండి. ఆ పావుగంట మీది.

ఎండాకాలంలో వేణ్ణీళ్ల స్నానం మానేసి వట్టివేళ్లకు మారండి. మూలికలు అమ్మే కొట్లలో కట్టలుగా ఉంటాయి, హైదరాబాద్‌లో బేగంబజార్ వైపు దొరుకుతాయి. వేళ్లకు మట్టి పట్టి ఉంటుంది, రెండు మూడుసార్లు బాగా కడగాలి. గుప్పెడు వేళ్లు రాత్రి రెండు లీటర్ల నీళ్లలో, మట్టి కుండైతే మరీ మంచిది, నానేసి పొద్దున్న ఆ నీళ్లు బకెట్‌లో కలుపుకోండి. కాచనక్కర్లేదు. వేళ్లను నీడలో ఆరబెడితే ఇంకో రెండుసార్లు వాసన ఇస్తాయి. తడి ఆరిపోయే గదిలో మొదటి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన స్నానం ఇదే.

వేపాకు గురించి చాలామంది అడుగుతారు. చెమటకాయలకు, దురదకు వేపాకు కాచి చల్లార్చిన నీళ్లు కొందరికి ఉపశమనం ఇస్తాయి. ఆటలమ్మ తగ్గాక వేపాకు, పసుపు వేసి ఎండలో పెట్టిన నీళ్లు పోసే ఆనవాయితీ మనకుంది, పొక్కులు మాడి పెచ్చులు కట్టాక పొయ్యడంలో తప్పు లేదు. కానీ ఆటలమ్మ వచ్చిన పిల్లలకు పది రోజులు స్నానమే చేయించకుండా ఉంచకండి. శుభ్రత లేక, గోకుడు వల్ల పొక్కులు చీము పట్టి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని చూశాను. మామూలు గోరువెచ్చని నీళ్లతో రోజూ ఒళ్లు కడిగి మెత్తగా అద్దవచ్చు. మరువం, దవనం కూడా స్నానానికి బాగుంటాయి, వాసన మృదువుగా ఉంటుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో కొన్నది మాత్రం బాగా కడిగి వాడండి, పూల పంటలకు మందులు గట్టిగానే కొడతారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పూజ అయ్యాక మిగిలిన పత్రి అంతా మంచిదే కదా అని గిన్నెలో వేసి కాచేవాళ్లున్నారు. ఆ ఇరవై ఒక్క పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. ఉమ్మెత్త, గన్నేరు నిలువెల్లా విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. రథసప్తమి నాడు తల మీద జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేసేవాళ్లు కూడా తెంపిన కాడల్ని ముందే కడిగి, పాలు కారడం ఆగాక పెట్టుకోవాలి, కళ్లు గట్టిగా మూసుకోవాలి. దేవుడికి సమర్పించే ఆకు వేరు, ఒంటికి పోసుకునే ఆకు వేరు.

సున్నిపిండి ఇంట్లో చేసుకుంటానంటే తేలికైన పాళ్లు చెబుతాను. పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, మెంతులు 50 గ్రాములు, కస్తూరి పసుపు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, ఎండిన గులాబీ రేకలు రెండు గుప్పిళ్లు. అన్నీ కరకరలాడేలా ఎండబెట్టి పట్టించాలి. కస్తూరి పసుపే వాడండి, వంట పసుపంత రంగు అంటదు. మీ దగ్గర గిర్నీకి తీసుకెళ్తే ముందు ఏం పట్టారో అడగండి. ఒకసారి మా ఊరి మరలో అంతకు ముందే ఎవరిదో కారం పట్టారు. చెప్పలేదు, మేమూ అడగలేదు. భోగి రోజు పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఒళ్లు మండిపోయింది, పిల్లలు ఏడుపు. అప్పటినుంచి రెండు గుప్పిళ్ల బియ్యం ముందు పట్టించి, ఆ పిండి పారేశాకే మాది వెయ్యమంటాను. మీ చర్మం మీద మచ్చలున్నన్నాళ్లూ సున్నిపిండి రుద్దవద్దు.

మీ అమ్మగారి గురించి. మా మామగారికి ఇరవై ఏళ్ల షుగరు. ఒక రోజు నేను డ్యూటీలో ఉండగా, కాళ్లు లాగుతున్నాయని వావిలాకు నీళ్లు కాయించుకుని టబ్బులో పాదాలు పెట్టుకున్నారు. హాయిగా ఉందని అరగంట ఉంచారట. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆయన పాదాలకు తెలియలేదు. సాయంత్రం నేను వచ్చి లుంగీ పైకి జరిపి చూస్తే రెండు పాదాల మీదా నిమ్మకాయంత బొబ్బలు. ఎడమ బొటనవేలి పక్కన పడ్డ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఆకు కోసి తెచ్చి ఇంట్లో పెట్టింది నేనే. చాలా ఏళ్లుగా షుగరున్నవాళ్లలో పాదాల నరాలు మొద్దుబారతాయి, నొప్పి, వేడి తెలియదు. అందుకని షుగరున్నవాళ్లు పాదాలు ఏ నీళ్లలోనూ నానబెట్టకూడదు, ఆకు వేసినా వెయ్యకపోయినా. నానితే చర్మం పగులుతుంది, పగుల్లోంచి ఇన్ఫెక్షన్ వస్తుంది. మీ అమ్మగారికి ఒంటి మీద గోరువెచ్చని ఆకు నీళ్లు పొయ్యవచ్చు, వేడి మీరు చూడాలి. కుర్చీ మీద కూర్చోబెట్టండి, బాత్రూమ్ గడియ వెయ్యనివ్వకండి. బీపీ మాత్రలు కూడా వాడుతుంటే స్నానం అయ్యాక ఒక్కసారిగా లేవకుండా నిమిషం కూర్చుని లేవమనండి. ఆఖర్న కాలి వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవండి, పాదాల అడుగు రోజూ చూడండి.

పాపకు ఏమీ వద్దు. ఏ ఆకూ వద్దు, సున్నిపిండీ వద్దు. 37 డిగ్రీల మామూలు నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు, అంతే. పుట్టినప్పుడు ఉన్న నూగు రుద్దకపోయినా రాలిపోతుంది, నలుగు పెట్టి పెట్టి ఆ లేత చర్మాన్ని గీరవద్దు. కొబ్బరినూనెతో మెత్తగా ఒళ్లు మర్దన చెయ్యండి, అది మంచిదే. ముక్కులో, చెవిలో నూనె చుక్క వెయ్యడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒక రకం న్యుమోనియా వస్తుంది, మందులకు తొందరగా లొంగదు. నేను నర్సు ట్రైనింగ్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఈ విషయం మీదే అమ్మతో గొడవపడ్డాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పక్కింటి పసిపాపకు నీళ్లు పోస్తూ, ఆముదం గిన్నెను కాలితో పక్కకు జరిపింది. ఆ తర్వాత ఏ పాపకూ వెయ్యలేదు. సాంబ్రాణి పొగ కూడా పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు, తల ఆరడానికి పొడి గుడ్డ చాలు. కర్పూరం, నీలగిరి తైలం, జామాయిల్ ఆకుల నూనె పాప దగ్గరికి రానివ్వకండి. కర్పూరం చిన్నపిల్లల్లో ఫిట్స్ తెప్పించగలదు. పెద్దవాళ్లు కూడా ఈ నూనెల్ని నేరుగా బకెట్‌లో చుక్కలుగా వేసుకోవద్దు. నూనె నీళ్లలో కలవదు, పైన తేలి చర్మానికి చిక్కగా అంటుకుని మండుతుంది.

ఇది చదివే బాలింతలకు రెండు మాటలు. కుట్లు ఉంటే, మామూలు కాన్పైనా ఆపరేషనైనా, పుండు మానేదాకా ఆకు నీళ్లు దాని మీద పొయ్యవద్దు. నీళ్లు ఎప్పుడు పోసుకోవచ్చో మీ డాక్టర్ చెప్పిన రోజునుంచే మొదలుపెట్టండి. కింది కుట్లకు శుభ్రమైన టబ్బులో గోరువెచ్చని ఉత్త నీళ్లు పోసి పది నిమిషాలు కూర్చుంటే చాలా ఉపశమనం, అందులో ఏమీ కలపనక్కర్లేదు. కడుపుతో ఉన్నవాళ్లు ఆకులు మానేసి గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టుకోండి. జ్వరం, గుండె జబ్బు, ఒంటి మీద తెరిచిన పుండ్లు ఉన్నవాళ్లకు వేణ్ణీళ్ల స్నానం డాక్టర్‌ని అడిగాకే. విదేశాల్లో తొట్టి స్నానం చేసే మన పిల్లలు ఆకును గుడ్డ సంచిలో కట్టి తొట్టిలో వెయ్యండి, పైపు పూడుకుపోదు. ఫిట్స్ ఉన్నవాళ్లు ఒంటరిగా తొట్టిలో దిగకూడదు.

మీ మెడ నొప్పి చేతిలోకి పాకుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, నడుము నొప్పితో కాళ్లలో బలం తగ్గినట్టు అనిపించినా ఈ స్నానాలతో రోజులు గడపకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే నెల రోజులు చేసి చూడండి, కుర్చీ ఎత్తు కూడా సరిచేసుకోండి.

అమ్మమ్మగారింట్లో వచ్చిన నిద్ర మళ్లీ వస్తుందా అని అడిగారు. ఆ నిద్రలో వావిలాకు ఎంతో, మీ వీపు మీద నడిచిన ఆవిడ చెయ్యి కూడా అంతే ఉంది. అది ప్యాకెట్లో రాదు, ఒంటరిగా పోసుకుంటే పూర్తిగా దొరకదు. మీ అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు కదా, ఈ ఆదివారం వెనక నిలబడి నడుము మీద నాలుగు చెంబులు పొయ్యమని అడగండి, ఎలా పొయ్యాలో ఆవిడకు మీ అమ్మమ్మగారు ఎప్పుడో నేర్పే ఉంటారు. నీళ్ల వేడి చూసే పని మాత్రం ఆవిడ చేతికి వదలకండి. షుగరు వల్ల వేళ్లకు కూడా వేడి సరిగా తెలియకపోవచ్చు. ముందు మీ మోచెయ్యి ముంచి చూసి, తర్వాత చెంబు ఆవిడకివ్వండి.